బిడ్డకు ఏమి త్రాగిస్తున్నాము?



మా సంఘము పాలమూరు జిల్లా పల్లెలలో ఉన్నది. ఆదివారము ఆరాధనకు ముసలివారు వస్తారు, పిల్లలు వస్తారు. నడి వయసువారు కూర్చోవలసిన చోటు మాత్రము సగము ఖాళీగా ఉంటుంది. వారంతా హైదరాబాదులో ఉన్నారు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి వాజపేయిగారు మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ తరువాత హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూరు, నానక్‌రామ్‌గూడలలో ఒకదాని వెంట ఒకటిగా అద్దాల మేడలు లేచాయి. ఆ మేడలకు ఇసుక, ఇటుక మోసినవారిలో మన పల్లెలవారు ఎందరో ఉన్నారు. నేడు వాటి దగ్గర కావలి కాస్తున్నవారు, అపార్ట్‌మెంట్లలో ఇంటి పనులు చేస్తున్నవారు, కార్లు నడుపుతున్నవారు కూడా మనవారే. చదువుకొని ఆ మేడల లోపల కంప్యూటర్ల ముందు కూర్చున్న బిడ్డలు కూడా మన సంఘములలో ఉన్నారు.

కొడుకు, కోడలు ఇద్దరూ పనికి వెళ్తే పసిబిడ్డను చూసుకొనేది ఎవరు? ఊరి నుండి అవ్వ వెళ్తుంది. బిడ్డకు జ్వరము వచ్చినా, మోషన్లు పట్టుకున్నా, దగ్గు వచ్చినా మొదటి నిర్ణయము తీసుకొనేది ఆ అవ్వే. అందుకే ఈ నెల ఈ మాటలు నగరములో ఉన్నవారికే గాక, పల్లెలో ఉన్న మీకు కూడా వ్రాస్తున్నాము. ముందుగా మేము చేసిన ఒక పొరపాటును చెప్పి, తరువాత సంగతికి వస్తాము.

మేము కొనిపోయిన డబ్బాలు

2024 వానకాలములో మేము దంపతులము ఇద్దరము హైదరాబాదు వెళ్లి, అక్కడ ఉంటున్న మా సంఘస్థుల ఇండ్లను దర్శించాము. కొండాపూరు ప్రాంతములో ఒక అపార్ట్‌మెంటు క్రింద, కార్లు నిలిపే చోట, వాచ్‌మన్‌కు ఇచ్చిన ఒక్క గదిలో మా సంఘములోని ఒక కుటుంబము కాపురముంటున్నది. భర్త వాచ్‌మన్. భార్య ఆ మేడలోనే నాలుగు ఇండ్లలో పని చేస్తుంది. వారికి 14 నెలల బాబు. బాబును చూసుకోవడానికి అవ్వ ఊరి నుండి వచ్చి ఉన్నది.

ముందు రోజు రాత్రి నుండి బాబుకు మోషన్లు అవుతున్నాయని ఫోనులోనే చెప్పారు. వట్టి చేతులతో వెళ్లడము బాగుండదని, దారిలో మెడికల్ షాపులో అడిగాము. షాపతను రంగు రంగుల పండ్ల బొమ్మలున్న రెండు అట్ట డబ్బాలు ఇచ్చాడు. వాటి మీద ఓఆర్ఎస్ అన్న అక్షరాలు పెద్దగా ఉన్నాయి. మంచి మందే కొన్నామని సంతోషించాము. లోపలికి వెళ్లి చూస్తే అటువంటి ఖాళీ డబ్బాలు అప్పటికే మూడు మంచము క్రింద ఉన్నాయి.

"పొద్దుగాల్నుంచి ఇదే తాపుతున్న అయ్యగారూ, తియ్యగ ఉంటదని మంచిగనే తాగుతుండు. కని తాగినంక ఇంకింత నీళ్లలెక్క పోతుండు" అన్నది అవ్వ.

ఆ మాటలోనే జవాబు ఉన్నది. కానీ అది మాకు వినబడలేదు. "పోయింది పోయినట్టు తాపుతూనే ఉండండి అవ్వా" అని చెప్పి, మేము తెచ్చిన డబ్బా విప్పి మా చేతులతోనే బాబుకు త్రాగించి, ప్రార్థన చేసి కూర్చున్నాము.

సాయంత్రము నాలుగు గంటలకు బాబు ఏడుపు ఆగింది. తగ్గిందని అనుకున్నాము. అప్పుడే పై అంతస్తులో సాఫ్ట్‌వేరు ఉద్యోగము చేసే ఒక అమ్మాయి, పనిమనిషి రాలేదేమని అడగడానికి క్రిందికి వచ్చింది. బాబును చూసి, "ఎన్ని గంటల నుండి మూత్రము పోయలేదు?" అని అడిగింది. ఎవరమూ చెప్పలేకపోయాము. ఆమె డబ్బా చేతిలోకి తీసుకొని, తిప్పి, సెల్‌ఫోను వెలుతురులో చదివింది. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓఆర్ఎస్ కాదని దాని మీదనే ఇంగ్లీషులో అచ్చు వేసి ఉన్నది! మాకు ఇంగ్లీషు కొంత వచ్చును. అయినా మేము చదవలేదు. అవ్వకు తెలుగే చదవడము రాదు.

ఆ అమ్మాయి తన కారులోనే అందరినీ ఆసుపత్రికి తీసుకొనిపోయింది. బాబు కండ్లు లోతుకు పోయాయి. పొట్ట మీద చర్మము పట్టి వదిలితే ముడత అట్లే నిలిచి, మెల్లగా దిగింది. డాక్టరమ్మగారు వెంటనే సెలైన్ పెట్టించారు. రెండవ రోజుకు బాబు తల్లి పాలు అడిగాడు. మూడవ రోజు ఇంటికి వచ్చాడు. దేవునికి స్తోత్రము. కానీ ఇంకొక రెండు గంటలు ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరమ్మగారు మాకు దాచకుండా చెప్పారు. ఆ మాట నేటికీ మా చెవులలో ఉన్నది.

పంచదార నీరు ఎందుకు పనికిరాదు?

ఆ మూడు రోజులలో డాక్టరమ్మగారిని మేము చాలా ప్రశ్నలు అడిగాము. ఆమె విసుగుకొనక, పల్లెటూరివారికి అర్థమయ్యేటట్లు వివరించారు.

"అవ్వా, పండు ముక్కల మీద చక్కెర చల్లి కాసేపు ఉంచితే ఏమవుతుంది?" అని అడిగారు. "నీళ్లు ఊర్తయి" అన్నది అవ్వ. "బాబు పేగులోనూ అదే జరిగింది. చక్కెర ఎక్కువైతే అది ఒంటిలోని నీటిని పేగులోకి గుంజుతుంది. ఆ నీరు మోషన్‌లో పోతుంది. మీరు ఎంత తాపితే అంత పోయింది" అన్నారు.

మరి అసలైన ఓఆర్ఎస్ ఎట్లా పని చేస్తుంది? మన పేగు గోడకు ఒక చిన్న తలుపు వంటిది ఉన్నది. ఉప్పు, గ్లూకోజు రెండూ జతగా వస్తేనే ఆ తలుపు తెరచుకుంటుంది. అవి లోనికి పోతూ నీటిని తమతో తీసుకొనిపోతాయి. కలరా వచ్చిన మనిషిలో కూడా ఈ తలుపు పని చేస్తూనే ఉంటుంది. అయితే జత సరిగా కుదరాలి. 2002 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కొలత ప్రకారము ఒక లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు. మొత్తము కలిపి 20.5 గ్రాములే. ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన తీపి పానీయాలలో లీటరుకు సుమారు 120 గ్రాముల చక్కెర ఉన్నదని పిల్లల డాక్టర్లు ఎత్తి చూపారు. అంటే ఇంచుమించు తొమ్మిది రెట్లు. పైగా ఉండవలసినంత ఉప్పు వాటిలో లేదు. అందుకే అవి నాలుకకు తియ్యగా ఉంటాయి. అసలు ఓఆర్ఎస్ నీరు కన్నీటి రుచి కంటె ఉప్పగా ఉండదు, అలాగని రసము వలె తియ్యగానూ ఉండదు.

యుద్ధ కాలములో తెలిసిన సత్యము

ఈ చిన్న పొట్లము విలువ లోకానికి తెలిసింది మన దేశములోనే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయములో లక్షలాది కాందిశీకులు సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. బన్‌గావ్ శిబిరములో కలరా పుట్టింది. నరములకు ఎక్కించే సెలైన్ సీసాలు అయిపోయాయి. అక్కడ పని చేస్తున్న డాక్టరు దిలీప్ మహలనబీస్‌గారు ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీటిని పెద్ద డ్రమ్ములలో పోయించి, రోగుల బంధువుల చేతికే గ్లాసులిచ్చి త్రాగించమన్నారు. నేల మీద పడుకొన్న బిడ్డకు తల్లే వైద్యురాలైంది. నూటికి 30 మంది వరకు చనిపోతున్న చోట మరణాలు నూటికి 4 కంటె తక్కువకు దిగాయి. ఆ తరువాత ప్రపంచమంతా ఈ పద్ధతిని అంగీకరించింది. మహలనబీస్‌గారు 2022 అక్టోబరులో కన్నుమూశారు. 2023లో మన ప్రభుత్వము ఆయనకు మరణానంతరము పద్మవిభూషణ్ ఇచ్చింది.

ఇంత మేలైన పేరు గనుకనే దానిని ఎరవు తెచ్చుకోవాలని వ్యాపారులకు ఆశ పుట్టింది. రంగు, రుచి, పండ్ల బొమ్మ, పెద్ద అక్షరాలలో ఆ పేరు, ఇవన్నీ చూసి కొన్న తల్లి తన బిడ్డకు మందు కొన్నానని నమ్మింది.

ఒక డాక్టరమ్మ ఎనిమిదేండ్ల పోరాటము

మన హైదరాబాదులోనే డాక్టరు శివరంజని సంతోష్‌గారు అనే పిల్లల వైద్యురాలు ఈ మోసమును పసిగట్టారు. తన దగ్గరకు వచ్చే బిడ్డలకు ఓఆర్ఎస్ త్రాగించమని చెప్తే తల్లిదండ్రులు ఈ డబ్బాలు కొని త్రాగిస్తున్నారని, మోషన్లు తగ్గకపోగా ఎక్కువవుతున్నాయని ఆమె గమనించారు. సుమారు ఎనిమిది సంవత్సరాలు ఆమె ఊరుకొనలేదు. ప్రభుత్వ సంస్థలకు ఉత్తరములు వ్రాశారు. తల్లులకు తెలియజేస్తూ వీడియోలు చేశారు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఈ పేరు వాడకూడదని చెప్పింది. ఆమె గెలిచినట్లే అనిపించింది. కానీ అదే సంవత్సరము జూలైలో, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్ కాదని డబ్బా మీద ఒక వాక్యము వేస్తే చాలు, పేరులో ఆ అక్షరాలు ఉంచుకోవచ్చునని ఆ సంస్థే సడలింపు ఇచ్చింది. కొండాపూరులో ఆ అమ్మాయి చదివినది ఆ వాక్యమే.

ఆలోచించండి. చదువురాని అవ్వకు ఆ వాక్యము ఏమి మేలు చేస్తుంది? పెద్ద అక్షరాలతో అవునని చెప్పి, చిన్న అక్షరాలతో కాదని చెప్పుట న్యాయమేనా? డాక్టరమ్మగారు తెలంగాణ హైకోర్టులో ప్రజా ప్రయోజన వ్యాజ్యము వేశారు. చివరకు 2025 అక్టోబరు 14న ఆ సంస్థ తాను ఇచ్చిన సడలింపులను రద్దు చేసింది. పండ్ల రసములకు గాని, ఇతర పానీయములకు గాని పేరులో ఎక్కడా, ముందొక మాట వెనుకొక మాట చేర్చి కూడా, ఓఆర్ఎస్ అని వాడకూడదని ఆదేశించింది. ఆ వార్త విని ఆమె కన్నీళ్లతో మాట్లాడిన వీడియోను దేశమంతా చూసింది. కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. అక్టోబరు 31న ఆ కోర్టు ఒక కంపెనీ పిటిషనును తోసిపుచ్చి, ఆదేశములో జోక్యము చేసుకోనన్నది.

పేరు తీసివేసినా పానీయము వేరొక పేరుతో అమ్ముకోవచ్చును. కనుక చట్టము చేయగలిగినది చట్టము చేసింది. మిగిలినది మన చేతిలో ఉన్నది.

ఎట్లా కలపాలి? ఎంత త్రాగించాలి?

డాక్టరమ్మగారు అవ్వతో మా ఎదుటనే కలిపించి నేర్పిన పద్ధతి ఇది. కత్తిరించి ఇంటిలో ఉంచుకోండి.

మొదట సబ్బుతో చేతులు కడుక్కోండి. పొట్లము మీద ఎంత నీటికో చూడండి. పెద్ద పొట్లము ఒక లీటరుకు, చిన్న పొట్లము 200 మిల్లీలీటర్లకు, అంటే ఒక గ్లాసుకు. ఈ రెండింటిని తారుమారు చేయకూడదు. పెద్ద పొట్లమును ఒక గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై ప్రాణము మీదికి వస్తుంది. సగము పొట్లము ఇప్పుడు, సగము రేపు అని కూడా చేయకూడదు. మొత్తము ఒకేసారి, కాచి చల్లార్చిన నీటిలో కలపాలి. మరల చక్కెర గాని, పండ్ల రసము గాని, పాలు గాని చేర్చకూడదు. 24 గంటలు దాటితే పారబోసి క్రొత్తది కలుపుకోవాలి.

రెండేండ్ల లోపు బిడ్డకు మోషన్ అయిన ప్రతిసారి 50 నుండి 100 మిల్లీలీటర్లు, అంటే పావు గ్లాసు నుండి అర గ్లాసు. రెండేండ్లు దాటిన బిడ్డకు అర గ్లాసు నుండి గ్లాసు. సీసాతో గాక చెంచాతో మెల్లగా పోయాలి. వాంతి చేసుకుంటే పది నిమిషములు ఆగి, రెండు మూడు నిమిషములకు ఒక చెంచా చొప్పున మరల మొదలు పెట్టాలి. "వాంతి అయింది, ఇక పడదు" అని ఆపివేయుట పెద్ద పొరపాటు.

దీనితో పాటు జింకు మాత్రలు. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి వీటిని ఇవ్వమని చెప్పాయి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుండి ఆరు నెలల బిడ్డకు 10 మిల్లీగ్రాములు, 14 రోజులు. మోషన్లు ఆగినా 14 రోజులూ వేయాలి. ఓఆర్ఎస్ పొట్లములు, జింకు మాత్రలు ఆశా కార్యకర్త దగ్గర, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితముగా దొరుకుతాయి. హైదరాబాదులో 2018 నుండి బస్తీ దవాఖానలు ఉన్నాయి. నగరములో ఉన్న మన పిల్లలు తమ ఇంటికి దగ్గరి దవాఖాన ఎక్కడున్నదో బిడ్డకు జబ్బు చేయకముందే తెలుసుకొని ఉండాలి.

పొట్లము దొరకని వేళ, ఒక లీటరు మంచి నీటిలో తల గొట్టిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి ఇవ్వవచ్చును. ఉప్పు మాత్రము ఎక్కువ కాకూడదు. చిటికెడు ఉప్పు వేసిన పలుచని గంజి, మజ్జిగ, పప్పు తేట కూడా ఆరు నెలలు దాటిన బిడ్డకు మేలు చేస్తాయి. కూల్‌డ్రింకులు, డబ్బా రసములు, గ్లూకోజు పొడి కలిపిన నీరు వద్దు.

మన పల్లె మాటలు కొన్ని

"లంఖణం పరమౌషధం" అని పెద్దలు అంటారు. అది మితిమీరి తిన్న పెద్దవారికి సరిపోవచ్చును గాని, మోషన్లతో నీరసించిన పసిబిడ్డకు పనికిరాదు. తల్లి పాలు ఒక్క పూట కూడా మానకూడదు. అన్నము తినే బిడ్డకు పెరుగన్నము, అరటి పండు, మెత్తని పులగము కొంచెము కొంచెముగా పెట్టాలి.

"పండ్లు వస్తున్నాయి, మోషన్లు మామూలే" అంటారు. పండ్లు వచ్చే వయసులో బిడ్డ నేల మీద ప్రాకుతూ, దొరికినదెల్లా నోటిలో పెట్టుకుంటాడు. మురికి ద్వారా రోగక్రిములు పోతాయి. కారణము అది. పండ్లను నిందించి ఊరుకుంటే బిడ్డ ఎండిపోతాడు.

పసిబిడ్డకు ఆముదము పట్టుట, వసకొమ్ము అరగదీసి నాకించుట కూడా మన ఇండ్లలో ఇంకా ఉన్నది. ఆరు నెలలు నిండేవరకు తల్లి పాలు తప్ప నీరు కూడా అక్కరలేదు. తేనె కూడా ఏడాది నిండేవరకు వద్దు.

ఈ గుర్తులు కనబడితే ఆలస్యము చేయవద్దు

బిడ్డ మగతగా పడి ఉంటే, త్రాగలేకపోతే, త్రాగినదంతా కక్కివేస్తే, కండ్లు లోతుకు పోతే, ఆరు గంటలకు పైగా మూత్రము పోయకపోతే, మోషన్‌లో రక్తము పడితే, చర్మము పట్టి వదిలితే ముడత మెల్లగా దిగితే, అప్పుడు ఇంటి వైద్యము చాలదు. దారిలో చెంచాతో ఓఆర్ఎస్ పోస్తూనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. ఏడుస్తున్న బిడ్డ ఉన్నట్టుండి నిశ్శబ్దమైతే తగ్గిందని అనుకోవద్దు. మేము అట్లే అనుకున్నాము.

దగ్గు మందు, జ్వరము మందు సంగతి

డాక్టరమ్మగారు చెప్పిన మరి కొన్ని సంగతులు క్లుప్తముగా వ్రాస్తున్నాము. వాటికి తోడు ఆ తరువాతి కాలములో అందరమూ చదివిన వార్తలు కూడా ఉన్నాయి.

2025లో మధ్యప్రదేశ్‌లోని చింద్వాడా జిల్లాలో దగ్గు సిరప్ త్రాగి ఇరవై మందికి పైగా పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష పదార్థము ఉన్నట్లు పరీక్షలో తేలింది. అక్టోబరు 3న కేంద్ర ఆరోగ్య శాఖ ఒక సూచన ఇచ్చింది. రెండేండ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు వ్రాయకూడదు, ఇవ్వకూడదు; ఐదేండ్ల లోపు వారికి కూడా సాధారణముగా అవి అక్కరలేదని దాని సారాంశము. పిల్లల దగ్గు చాలా వరకు తనంతట తానే తగ్గుతుంది. బిడ్డ వేగముగా ఎగశ్వాస తీస్తుంటే, డొక్కలు లోపలికి పోతుంటే మాత్రము అది సిరప్‌తో పోయేది కాదు. వెంటనే డాక్టరుకు చూపించాలి.

జ్వరానికి పారాసిటమాల్ మంచిదే. అయితే మోతాదు బిడ్డ వయసును బట్టి గాక బరువును బట్టి ఉంటుంది. ఇక్కడ ఒక ప్రమాదము ఉన్నది. పసిబిడ్డలకిచ్చే చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటే, పెద్ద పిల్లల సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములే ఉండవచ్చును. అంటే చుక్కల మందు నాలుగు రెట్లు గట్టిది. చిన్న సీసా గదా అని చెంచా నిండా పోస్తే ప్రమాదము. ఏ సీసా, ఎన్ని మిల్లీలీటర్లు అని చీటీ మీద వ్రాయించుకొనండి. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరము వస్తే ఇంటిలో ఏ మందూ వేయక డాక్టరు దగ్గరకే తీసుకొనిపోవాలి.

మామూలు జలుబుకు, నీళ్ల మోషన్లకు యాంటిబయాటిక్ మందులు పని చేయవు. "పోయినసారి వ్రాసిన మందే ఇవ్వండి" అని షాపులో అడగవద్దు. ఇంకొకరి బిడ్డకు వ్రాసిన చీటీ మన బిడ్డకు వాడవద్దు.

చివరిగా టీకాలు. పసిపిల్లలలో తీవ్రమైన మోషన్లకు రోటావైరస్ ఒక ముఖ్య కారణము. దానికి టీకాను మన హైదరాబాదు శివార్లలోని జీనోమ్ వ్యాలీలో ఉన్న భారత్ బయోటెక్ సంస్థ తయారు చేసింది. 2016లో ప్రభుత్వ కార్యక్రమములో దీనిని మొదట ప్రారంభించిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తరువాత దేశమంతటికీ వచ్చింది. 6, 10, 14 వారముల వయసులో నోటిలో చుక్కలుగా ఉచితముగా వేస్తారు. పనికి పట్నము, పండుగకు పల్లె అని తిరిగే కుటుంబములలోనే టీకాలు తప్పిపోతాయి. టీకా కార్డు మీ ప్రయాణపు సంచిలో ఉండాలి.

చవకైనదని తృణీకరించవద్దు

ఆసుపత్రి నుండి తిరిగి వచ్చిన రోజు బాబు తండ్రి ఒక మాట అన్నాడు. "ఇరవై రూపాయల పొట్లం ఎందుకు, పోరనికి మంచిదే తాపుదామని ఎక్కువ పైసల్ది తెచ్చిన అయ్యగారూ." ఆ మాట మా హృదయమును పొడిచింది. మేమును అదే చేశాము గదా! నిర్లక్ష్యముతో కాదు, ప్రేమతోనే బిడ్డకు కీడు చేశాము.

నయమాను కథ మీరెరుగుదురు. గొప్ప కార్యమేదో చేయమంటే చేసేవాడే గాని, యొర్దానులో మునుగుమన్నందుకు అతనికి కోపము వచ్చింది. సులువైనది, చవకైనది మనిషి కంటికి ఆనదు. అద్దాల మేడల నగరములో ఈ బలహీనత ఇంకా పెరుగుతుంది. మేడ మీది బిడ్డ ఏమి త్రాగితే మన బిడ్డకూ అదే కావాలనిపిస్తుంది. కానీ మేడ మీది బిడ్డ పేగు, మేడ క్రింది బిడ్డ పేగు ఒక్క తీరుగానే చేయబడ్డాయి. ఇద్దరికీ కావలసినది ఆ తెల్లని పొట్లమే.

మందు ఉపయోగించుట విశ్వాసలోపమా అని కొందరు సంఘస్థులు మమ్ములను అడుగుతుంటారు. పౌలుతో ప్రయాణము చేసిన లూకా వైద్యుడే గదా! ఆ రోజు కొండాపూరులో మేము చేసిన ప్రార్థన తప్పు కాదు. ప్రార్థన చేసి, డబ్బా మీద వ్రాసినది చదవక, బిడ్డను పరీక్షగా చూడక కూర్చున్నదే మా తప్పు. ఆ ప్రార్థనకు జవాబుగా మెట్లు దిగి వచ్చినది ఆ సాఫ్ట్‌వేరు అమ్మాయి అని మేము నమ్ముచున్నాము.

ఇప్పుడు మా సంఘములో స్త్రీల కూడికలో నెలకొకసారి ఓఆర్ఎస్ కలిపి చూపిస్తున్నాము. నేర్పేది మేము కాదు, ఆ అవ్వే. ఒక లీటరు సీసా, ఒక పొట్లము పట్టుకొని ముందు నిలబడుతుంది. "నాకు సదువు రాదు. గని ఏది కొన్నా షాపులనే ఎవరితోనన్న సదివిపిచ్చుకుంట. అది తెలిసేదాంక పైసలియ్య" అంటుంది. ఆదివారపు బడి పిల్లలకు మేము ఒక పని అప్పగించాము. ఇంటిలో ఉన్న ప్రతి మందు సీసా మీద పేరు, తేదీ చదివి, గడువు తీరినవి ఏవో అమ్మకు చూపించాలి. మొదటి వారములోనే పదకొండు సీసాలు బయటపడ్డాయి.

ప్రియులారా, మీ సంఘములో చదువుకొన్న పిల్లలు లేరా? చదువురాని అవ్వలు లేరా? ఆ ఇద్దరినీ కలపండి. పట్నములో ఉన్న మీ కుమారులకు, కుమార్తెలకు ఈ ఆదివారము ఫోను చేసి, ఇంటిలో రెండు ఓఆర్ఎస్ పొట్లములు ఉన్నవో లేవో అడగండి. లేకపోతే కొని ఉంచమనండి. ఆ బాబుకు ఇప్పుడు మాటలు వచ్చాయి. మొన్న పండుగకు ఊరు వచ్చినప్పుడు గుడి ముంగిట పరుగెత్తి వచ్చి మా వ్రేలు పట్టుకున్నాడు.